ఫైల్ కాపీ కావాలంటే ఫైర్‌వాల్ ఆపేయాలా?

ప్రశ్న: కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్ లోపలే ఫోన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నాను. అందులోని ఫైళ్లు కంప్యూటర్‌లోకి ఎలా తెచ్చుకోవాలో తెలియట్లేదు. నేను రాస్తున్న యాప్ కూడా అదే కంప్యూటర్‌లో నడుస్తున్న సర్వర్‌కు కనెక్ట్ కావట్లేదు. ఫైర్‌వాల్ ఆపేసి 5555 పోర్టు తెరవమని ఒక వీడియోలో చెప్పారు. చేయొచ్చా?
- ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. ఫైర్‌వాల్ అంటే బయటి కనెక్షన్లను ఆపే కాపలా, పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు. ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, ఇదే ప్రశ్న వరసపెట్టి వస్తుంది. ప్రతిసారీ దాని వెనక ఇలాంటి వీడియో ఒకటి ఉంటుంది.

సర్వర్ సంగతి చిన్నది. యాప్‌లో 127.0.0.1 అని రాసి ఉంటారు. అంటే ‘నేనున్న ఈ యంత్రమే’ అని అర్థం. ఎమ్యులేటర్ లోపల ఆ అడ్రస్ ఎమ్యులేటర్‌దే, మీ కంప్యూటర్‌ది కాదు. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోతో వచ్చే ఎమ్యులేటరైతే 10.0.2.2 అని మార్చండి. ఫైళ్లంటారా, కంప్యూటర్ నుంచి మౌస్‌తో లాగి స్క్రీన్ మీద వదిలితే డౌన్‌లోడ్ ఫోల్డర్‌లోకి చేరతాయి. అటు నుంచి ఇటు తెచ్చుకోవడానికి స్టూడియోలోని డివైస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. వీటిలో దేనికీ ఫైర్‌వాల్ జోలికి పోనక్కర్లేదు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

నా టెన్షనంతా ఆ 5555 గురించే. అది ఏడీబీ వాడే పోర్టు. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆదేశాలిచ్చే డెవలపర్ల టూల్. అవతలివాడికి అది దొరికితే యాప్‌లు ఎక్కించగలడు, ఫైళ్లు లాక్కోగలడు, మీ స్క్రీన్ చూడగలడు. 2018లో ఏడీబీ మైనర్ అనే వార్మ్ (తనంతట తనే పాకే వైరస్ లాంటిది) ఈ పోర్టు తెరిచి ఉన్న ఫోన్లలోకి, టీవీ బాక్సుల్లోకి దూరి, వాటితో క్రిప్టో మైనింగ్ చేయించింది. ఒక పరికరంలో చేరాక అక్కడి నుంచే తర్వాతి దాన్ని వెతుక్కునేది. మీ హాస్టల్ వైఫైలో ఎన్ని ల్యాప్‌టాప్‌లు ఉంటాయో ఆలోచించండి. పైగా అసలు ఫోనైతే కొత్త కంప్యూటర్‌ను నమ్మాలా అని ఒకసారైనా అడుగుతుంది. చాలా ఎమ్యులేటర్లలో ఆ ప్రశ్నే ఉండదు.

ఆటల కోసం పీసీలో వేసుకునే ఎమ్యులేటర్లంటే నాకు అసలే చిరాకు. హోమ్ స్క్రీన్ నిండా ప్రకటనలు, ఒక్క క్లిక్‌తో రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం). మీ కంప్యూటర్‌లోని డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఎమ్యులేటర్‌తో షేర్ చేసి కూర్చునేవీ ఉన్నాయి. మీ ఆధార్ స్కాన్, మార్కుల మెమోలు అందులోనే కదా? ఊరూ పేరూ లేని ఏపీకేలు (యాప్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) పెట్టేదీ ఆ ఎమ్యులేటర్‌లోనే. ఇంకో తలనొప్పి, ఇవి సొంత ఏడీబీ కాపీని మోసుకొస్తాయి. స్టూడియో ఏడీబీకీ దానికీ వెర్షన్ కుదరక ఒకదాన్నొకటి చంపుకుంటుంటే ఫోన్ కనెక్షన్ తెగిపోతుంది, కేబుల్ పాడైందనుకుని కుర్రాళ్లు కొత్తది కొనుక్కుంటారు.

పోర్టు ఈపాటికే తెరిచేసి ఉంటే ఫైర్‌వాల్‌లో పెట్టిన ఆ రూల్ తీసేయండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో netstat -an అని కొట్టి చూడండి, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపిస్తుంది. 5555 ముందు 127.0.0.1 కనిపిస్తే అది మీ కంప్యూటర్ వరకే. 0.0.0.0 అని కనిపిస్తే బయటి కంప్యూటర్ల కోసమూ వింటున్నట్టే, ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ఏడీబీని ఆపేదాకా వైఫై ఆన్ చేయకండి.