మైనారిటీల మధ్య పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు నిజంగా ఏ సాయం కావాలి?

అందరూ విరాళాలే అనుకుంటారు గానీ, హైదరాబాద్ పాతబస్తీలో ఆడపిల్లల చదువు కోసమో, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టడానికో పనిచేసే చిన్న సంస్థకు ముందు కావాల్సింది లెక్కలూ కాగితాలూ చూసే మనిషి. సంస్థకూ దాతలకూ ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు 2021 నుంచి శాశ్వతం కావు, గడువులోగా రెన్యువల్ చేయించుకోవాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం నింపి రిజిస్టర్ కూడా చేసుకోవాలి.

విదేశీ నిధులైతే మరీ టెన్షన్. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత, దాని కింద వచ్చిన డబ్బును పెద్ద సంస్థ చిన్న సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం వచ్చేది ఈ పాలనా ఖర్చుల్లోంచే, మరి ఆ లెక్కలన్నీ ఎవరు రాయాలి?

ఇంకోటి భాష. ఉర్దూ మాత్రమే చదవగల తల్లికి ఇంగ్లిష్ ఫారం చదివి వివరించడం గంటల పని, ఏ రిపోర్టులోనూ అది కనపడదు, కానీ నా దృష్టిలో అసలు సేవ అదే.

కాబట్టి దాతలైతే ప్రాజెక్టుకే అని షరతు పెట్టకుండా ఒక ఉద్యోగి ఏడాది జీతం ఇవ్వండి, సీఏ అయితే ఇలాంటి సంస్థల ఆడిట్ ఉచితంగా చేసిపెట్టండి.