పాత కారు అమ్మేముందు ఒక్కమాట

అమ్మలూ,

నువ్వు పాత కారు ఆఫీసులో ఎవరికో అమ్ముతున్నావని, కొత్తది బుక్ చేశావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. అన్నవరం కొండెక్కేసరికి నా కారు వెనక సీటంతా పాడు చేసిన పిల్లవి, ఇప్పుడు సొంత డబ్బుతో రెండో కారు కొంటున్నావు. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషంతో, సగం ఇన్సూరెన్స్ టెన్షన్‌తో.

ఆర్సీ బదిలీ, లోను కాగితాలు నువ్వే చూసుకోగలవు. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టకుండా ఉన్నందుకు ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆ సంగతి మాత్రం నన్ను చెప్పనివ్వు. ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి నీకు 50 శాతం తగ్గింపు ఉంది. అది నీది, కారుది కాదు. అమ్మగానే ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి రిటెన్షన్ లెటర్, అంటే ఆ బోనస్ నీ పేరునే ఉందని రాసిచ్చే కాగితం, తీసుకో. మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. కొన్నతను నీ పాలసీనే తన పేరు మీదకి మార్చుకుంటే, మిగిలిన నెలలకు ఆ తగ్గింపు తేడా అతను కట్టాలి. మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పేయ్. ఈ తగ్గింపు మన కారు దెబ్బలకు కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీకి పైసా తగ్గదు. బోనస్ అంటే డబ్బు చేతికిస్తారేమో అని మీ అత్త చాలాకాలం ఎదురుచూసింది పాపం!

ఇక నేను చేసిన తెలివితక్కువ పని విను. నాకూ అప్పట్లో 50 శాతం ఉండేది. ఓ ఆదివారం మన గేటు స్తంభానికే బంపర్ గీసుకున్నాను. "ఏళ్ల తరబడి కడుతున్నాం, మనమూ కాస్త రాబట్టుకోవద్దూ" అని పౌరుషంతో క్లెయిమ్ పెట్టాను. బిల్లు 9,000. ప్లాస్టిక్ అని సగం కోశారు, మరో 1,000 మన వాటా అన్నారు. దక్కింది 3,500. మరుసటేడు రెన్యువల్ కాగితం చూస్తే బోనస్ సున్నా! ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అయితే అంతకుముందు 6,000 కట్టేవాణ్ణి, ఆ ఏడు మొత్తం కట్టాను. తర్వాత 20, 25, 35, 45 శాతాలంటూ మెట్టు మెట్టూ ఎక్కి మళ్లీ 50కి చేరేలోపు 15,000 పోయింది. మీ అత్త నోటుపుస్తకంలో లెక్కేసి నా ముందు పెట్టింది. మాటొక్కటీ అనలేదు, అదే పెద్ద శిక్ష.

బుద్ధొచ్చిందనుకున్నానా, అటు వైపు అతి చేశాను. తర్వాతోసారి రాయి తగిలి ముందు అద్దం నెర్రె కొడితే, బోనస్ పోతుందని నెల్లాళ్లు అలాగే నడిపాను. పక్క సీట్లో మీ అత్త ఆ గీతనే చూస్తూ కూర్చునేది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నువ్వలా చేశావంటే ఊరుకోను. చిన్న గీతలకు జేబులోంచి పెట్టుకో, పెద్ద దెబ్బైతే లెక్కలు చూడకుండా క్లెయిమ్ పెట్టు, ముందు నాకు ఫోన్ చెయ్యి.

ఇంకొకటి. పాలసీ గడువు దాటి 90 రోజులైతే బోనస్ పోతుంది. ఓన్ డ్యామేజ్ పాలసీ రద్దు చేసుకుంటే, ఆ ఏడు క్లెయిమ్ లేకపోతే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి వస్తుంది, అడగడం మరచిపోకు.

కొత్త కారు చక్రాల కిందికి నిమ్మకాయలు మీ అత్త అప్పుడే తెచ్చి పెట్టింది. లెటర్ చేతికొచ్చాక ఫొటో పంపు.

మీ మావయ్య