చైనాలో తిరుగుబాటు అన్న పుకారు వచ్చినప్పుడు అక్కడున్నవాళ్లకైనా నిజం తెలుస్తుందా?

"చైనాలో సైన్యం తిరగబడిందని, అధ్యక్షుణ్ణి గృహనిర్బంధంలో పెట్టారని తరచూ వాట్సాప్‌లో వస్తుంటుంది. ఇంటర్నెట్ మీద అంత కట్టడి ఉన్న దేశంలో, అక్కడ ఉంటున్నవాళ్లకైనా అసలు సంగతి తెలుస్తుందా? మనం ఏది నమ్మాలి?" అని అడిగారు.

నేను 2010 నుంచి 2016 వరకు చోంగ్‌చింగ్‌లో ఎంబీబీఎస్ చదివాను. ఇప్పుడు తెనాలి దగ్గర ప్రాక్టీస్ చేస్తున్నాను. నేను ఉండగానే, సరిగ్గా ఆ ఊళ్లోనే, అలాంటి పుకారు ఒకటి మొదలైంది. అందులో సగం తర్వాత నిజమని తేలింది, మిగతా సగం తేలలేదు. అందుకే "అంతా అబద్ధం, పట్టించుకోకండి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేను. కాస్త ఓపికగా చదవండి.

చోంగ్‌చింగ్ అంటే యాంగ్సీ, జియాలింగ్ నదులు కలిసే చోట కొండల మీద కట్టిన మహానగరం. అప్పుడు అక్కడ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి బో షీలాయ్. ఊరికి రాజు లాంటివాడు. మాఫియాను ఏరేస్తానంటూ వేల మందిని అరెస్టు చేయించాడు. రోడ్ల పక్కన గింగ్కో చెట్లు నాటించాడు. పార్కుల్లో మావో కాలం నాటి పాటలు పాడించేవాడు. 2011 మార్చి నుంచి చోంగ్‌చింగ్ టీవీలో ప్రకటనలు కూడా ఆపేశారు. మా హాస్టల్లో టీవీ పెడితే ఒక్క యాడ్ ఉండేది కాదు, గంటల తరబడి ఆ విప్లవ గీతాలే. ఆయనకు కుడిభుజం పోలీసు అధిపతి వాంగ్ లీజున్.

2012 ఫిబ్రవరి 6న ఆ వాంగ్ లీజున్ చెంగ్దూలోని అమెరికా కాన్సులేట్‌లోకి వెళ్లిపోయాడు. మాకు ఆ రోజు ఏమీ తెలియదు. 8వ తేదీన నగర ప్రభుత్వమే వీబోలో, అంటే అక్కడి ట్విట్టర్ లాంటి సైట్లో, ఒక ప్రకటన పెట్టింది. ఎక్కువ పని వల్ల వాంగ్ లీజున్ ఆరోగ్యం దెబ్బతిందని, ఆయన 'సెలవు తరహా చికిత్స' తీసుకుంటున్నారని దాని సారాంశం. అప్పటిదాకా ఏమీ అనుకోనివాళ్లకు కూడా ఆ మాట చదవగానే ఏదో పెద్దదే జరిగిందని అర్థమైంది. మా క్యాంటీన్లో చైనా పిల్లలు ఫోన్లు చూసుకుంటూ, ఒకరికొకరు చూపించుకుంటూ, పైకి మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా తినేవాళ్లు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. మన దగ్గరైతే టీ కొట్టు దగ్గర గొంతులు పెరుగుతాయి. అక్కడ ఉన్నట్టుండి అందరి గొంతులూ తగ్గిపోయాయి.

మార్చి 15న బో షీలాయ్‌ని పదవి నుంచి తీసేశారు. అక్కడి నుంచి జనం టమాటాల గురించి, నూడుల్స్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నాకు అర్థం కాలేదు. టమాటాను చైనీస్‌లో షీ హోంగ్ షి అంటారు. షీ అంటే పడమర, హోంగ్ అంటే ఎరుపు. అందులో చివరి అక్షరం, నగరం అనే మాట ఒకేలా పలుకుతాయి. కాబట్టి 'పడమటి ఎర్ర నగరం' అంటే చోంగ్‌చింగ్, దానితోపాటు బో షీలాయ్. నూడుల్స్ అంటే మేం రాత్రిళ్లు హాస్టల్లో ఆవకాయ నంజుకుని తినే కాంగ్‌షీఫు ప్యాకెట్టే. అందులోని 'కాంగ్' దేశంలోని పోలీసు, కోర్టు వ్యవస్థలన్నిటికీ పెద్ద అయిన జౌ యోంగ్‌కాంగ్ పేరులోనూ ఉంది. పేర్లు రాస్తే పోస్టు మాయమవుతుంది కాబట్టి, నూడుల్స్‌కూ టమాటాకూ గొడవ వచ్చినట్టు కథలు రాసుకునేవాళ్లు.

ఇదంతా నాకు విడమరిచి చెప్పింది నా స్నేహితురాలు. నాకంటే ఒక ఏడాది జూనియర్. నాకు చైనీస్ నేర్పేది, నేను తనకు ఇంగ్లీషు నేర్పేదాన్ని. ఎప్పుడూ గదిలో చెప్పేది కాదు. జియాలింగ్ ఒడ్డున నడుస్తూ, ఫోన్ బ్యాగులో పెట్టేసి చెప్పేది.

మార్చి 19, 20 తేదీల్లో బీజింగ్‌లో తుపాకీ చప్పుళ్లు వినిపించాయని, అక్కడి ప్రధాన రహదారి చాంగ్‌ఆన్ వీధిలోకి ట్యాంకులు వచ్చాయని, జౌ యోంగ్‌కాంగ్ తిరుగుబాటు చేశాడని గుప్పుమంది. మా హాస్టల్లో వీపీఎన్ (కట్టడిని దాటి బయటి సైట్లు చూపించే సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్లు బయటి సైట్లు చూసి చెప్తుంటే, మిగతావాళ్లం చుట్టూ చేరి వినేవాళ్లం. ఇంటి నుంచి ఫోన్లు. అమ్మ ఏడుపు. ఆ టెన్షన్‌లో నేను ఒక తెలివితక్కువ పని చేశాను. నా స్నేహితురాలికి క్యూక్యూ అనే చైనా చాట్ యాప్‌లో, అసలు పేర్లతో, "బీజింగ్‌లో నిజంగా కాల్పులు జరిగాయా? మీ వాళ్లేమంటున్నారు?" అని మెసేజ్ పెట్టాను.

తను జవాబివ్వలేదు. నాలుగు రోజుల తర్వాత లైబ్రరీ మెట్ల దగ్గర కనిపించి, తమ తరగతి కౌన్సెలర్ పిలిచి విదేశీ విద్యార్థులతో ఏం మాట్లాడుతున్నావని అడిగారని చెప్పింది. నా మెసేజ్ వల్లే పిలిచారనడానికి రుజువేమీ లేదు. తను నన్ను తప్పు పట్టలేదు కూడా. కానీ ఆ తర్వాత నాతో నడకకు రాలేదు. నేనున్న మిగతా నాలుగేళ్లలో ఎదురుపడితే తలూపి వెళ్లిపోయేది. మనం ఇక్కడ కూర్చుని కుతూహలం కొద్దీ అడిగే ఒక్క ప్రశ్న అక్కడున్నవాళ్ల మీద ఎంత బరువు వేస్తుందో నాకు అప్పుడే తెలిసింది. అది తలుచుకుంటే ఈ రోజుకీ బాధగానే ఉంటుంది.

మార్చి 31న ప్రభుత్వం 16 వెబ్‌సైట్లను మూసేసింది, ఆరుగురిని అదుపులోకి తీసుకుంది. వీబో తరహా రెండు పెద్ద సర్వీసుల్లో మూడు రోజులపాటు కామెంట్లు పెట్టే వీలు లేకుండా చేశారు. అదంతా 'పుకార్లు పుట్టించినందుకు' అన్నారు. పది రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 10 రాత్రి, బో షీలాయ్ భార్య గు కైలాయ్ మీద బ్రిటిష్ వ్యాపారి నీల్ హేవుడ్ హత్య అనుమానం ఉందని ప్రభుత్వ వార్తా సంస్థే ప్రకటించింది. అప్పటిదాకా ఆ విషయమూ పుకారే. 2013లో బో షీలాయ్‌కి, 2015లో జౌ యోంగ్‌కాంగ్‌కి యావజ్జీవ శిక్ష పడింది. ట్యాంకులు, కాల్పులు మాత్రం ఎప్పటికీ రుజువు కాలేదు. అంటే పార్టీ పైవరుసలో చీలిక వచ్చిందన్న మాట నిజం, దానికి తగిలించిన సినిమా అబద్ధం.

అక్కడ 'యావోయాన్', అంటే పుకారు, అన్న మాటను పోలీసులు ఎలా వాడతారో కూడా చెప్పాలి. వూహాన్‌లో కంటి డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న, సార్స్ లాంటి జబ్బు వస్తోంది జాగ్రత్త అని తోటి డాక్టర్ల గ్రూపులో రాశాడు. 2020 జనవరి 3న పోలీసులు పిలిచి, అబద్ధాలు ప్రచారం చేశావని హెచ్చరిక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆయన అదే కోవిడ్‌తో చనిపోయాడు. డాక్టర్‌గా నేను ఆ కాగితం ఫొటో చూసి చాలాసేపు లేవలేకపోయాను. కాబట్టి ప్రభుత్వం పుకారు అన్నంత మాత్రాన అది అబద్ధం అనుకోనక్కర్లేదు.

దానికి అటువైపు కూడా చూడండి. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. "ఆ మాటను వెతకనివ్వకుండా బ్లాక్ చేశారు, అంటే నిజమే" అంటారు. 2011 జూలైలో మాజీ అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ చనిపోయాడని హాంకాంగ్‌లో ఒక టీవీ ఛానెల్ చెప్పేసింది. ఆయన ఇంటిపేరుకు నది అని అర్థం. వీబోలో నది అన్న మాట వెతికినా ఏమీ రాని పరిస్థితి. తీరా అక్టోబర్‌లో ఆయన ఒక సభలో అందరికీ కనిపించాడు. చనిపోయింది 2022 నవంబర్‌లో. సెన్సార్ చేసేవాళ్లు నిజాన్నీ అబద్ధాన్నీ వేరు చేసి చూడరు. పైవాళ్ల పేరు వస్తే చాలు, తుడిచేస్తారు.

ఇక మీరు అంటున్న గృహనిర్బంధం కథ. అది 2022 సెప్టెంబర్ 24న మన దేశంలో ఊపందుకుంది. షీ జిన్‌పింగ్ సమర్‌ఖండ్‌లో షాంఘై సహకార సంస్థ సమావేశం నుంచి తిరిగొచ్చాక కనిపించలేదు, వేల విమానాలు రద్దయ్యాయి, బీజింగ్ వైపు 80 కిలోమీటర్ల పొడవున సైనిక వాహనాలు వెళ్తున్నాయి అని. మాజీ ఎంపీ సుబ్రమణ్యస్వామి కూడా ఇలా ఒక పుకారు ఉంది, చూడాలి అని ట్వీట్ చేశారు. ఇక టీవీలు ఊరుకుంటాయా?

ఆ రోజు మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, చైనాలో మిలటరీ దిగిందంటగా? వీణ్ణి పంపమంటావా, వద్దా?" అని. వాళ్లబ్బాయి నాన్‌జింగ్‌లో మెడిసిన్ చదువుతూ 2020 జనవరిలో సెలవులకొచ్చి, కోవిడ్ వల్ల రెండున్నరేళ్లకు పైగా ఇంట్లోనే ఉండిపోయాడు. వాడిలాగే మన దేశంలో చిక్కుకుపోయిన విద్యార్థులు 23 వేల మందికి పైగా. ఆన్‌లైన్ క్లాసులతో వచ్చిన డిగ్రీ ఇక్కడ చెల్లదు. ఆగస్టు 24 నుంచి మళ్లీ విద్యార్థి వీసాలు మొదలయ్యాయి, వాడికీ వచ్చింది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో టికెట్ కొనబోతుండగా ఈ పుకారు. సరదాగా ఫార్వర్డ్ చేసినవాళ్లకు ఇలాంటి ఇళ్లు గుర్తుకొస్తాయని నేననుకోను.

"రెండు రోజులు ఆగు బాబాయ్, చూసి చెప్తాను" అన్నాను. నేను ట్విట్టర్ చూడలేదు. వాడి ఆన్‌లైన్ క్లాస్ వీచాట్ (చైనావాళ్ల వాట్సాప్ లాంటిది) గ్రూప్ తెరిచి చూడమన్నాను. ఆ శనివారం కూడా టీచర్ మామూలుగానే సోమవారం క్లాసుల పట్టిక పెట్టింది. అక్టోబర్ 1 నుంచి 7 వరకు జాతీయ దినోత్సవ సెలవులు, వాటికి బదులు 8, 9 తేదీల్లో, అంటే శని, ఆదివారాల్లో క్లాసులు అన్న నోటీసు కూడా ఉంది. రాజధానిలో అధికారం చేతులు మారుతుంటే ఒక కాలేజీ సెలవుల నోటీసు అంత తాపీగా రాదు. విమానాల రద్దు కోవిడ్ కట్టడి వల్ల ఆ ఏడాదంతా ఉన్నదే. విదేశం నుంచి వచ్చినవాళ్లకు అప్పట్లో ఏడు రోజుల క్వారంటైన్, ఆపైన మూడు రోజులు ఇంట్లో. తిరిగొచ్చి ఎనిమిది రోజులే అయిన మనిషి కనిపించకపోతే నేను ముందు దాన్నే అనుకుంటాను. సెప్టెంబర్ 27న జిన్‌పింగ్ బీజింగ్‌లో ఒక ఎగ్జిబిషన్‌లో కనిపించాడు.

నిజంగా జరిగినప్పుడు ఎలా ఉంటుందో చరిత్రలో ఉంది. 1971 సెప్టెంబర్ 13న మావో వారసుడిగా ప్రకటించిన లిన్ బియావ్ విమానం మంగోలియాలో కూలిపోయింది. మామూలు జనానికి ఆ సంగతి నెలల తరబడి చెప్పలేదు. కానీ అక్టోబర్ 1న జరగాల్సిన పరేడ్ రద్దయింది. దాన్ని దాచలేకపోయారు. 2023లో విదేశాంగ మంత్రి చిన్ గాంగ్ జూన్ 25 తర్వాత కనిపించడం మానేశాడు, సరిగ్గా నెలకు పదవి పోయింది. రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫు ఆగస్టు 29 తర్వాత కనిపించలేదు, అక్టోబర్ 24న తీసేశారు. కాబట్టి నేను వీడియోలు చూడను. ఎవరు ఎక్కడికి రావాల్సి ఉండి రాలేదు, ఏ కార్యక్రమం ఆగిపోయింది, అలా ఎన్ని వారాలు సాగింది అన్నదే చూస్తాను. వారం రోజులైతే ఏమీ చెప్పలేం. నెల దాటితే మాత్రం ఆలోచిస్తాను.

ఇంకో విషయం. పుకారు ఎక్కడ పుట్టిందో చూడండి. 2012లో మాటలు లోపలి నుంచి వచ్చాయి. భయపడుతూ, టమాటా అనో నూడుల్స్ అనో మారుపేర్లు పెట్టుకుని, పోస్టు పోతే మళ్లీ పెట్టి చెప్పినవి. 2022 నాటి కథ బయట పుట్టి బయటే పెరిగింది. చైనాలో ఉన్న నా పాత క్లాస్‌మేట్లెవరూ గుసగుసగా కూడా దాని ఊసెత్తలేదు.

బాబాయ్ కొడుకు, అంటే మా తమ్ముడు, ఆ 2022 నవంబర్ మొదట్లో వెళ్లాడు. ఆ నెల 24న పశ్చిమ చైనాలోని ఉరుమ్చీలో ఒక అపార్ట్‌మెంట్ తగలబడి పదిమంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్లే బయటికి రాలేకపోయారని జనం రగిలిపోయారు. 26న తమ్ముడు ఉన్న నాన్‌జింగ్‌లోనే ఒక యూనివర్సిటీలో పిల్లలు చేతుల్లో తెల్ల కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. ఏమీ రాయని కాగితాలు. ఏం రాసినా నేరమే కాబట్టి. తర్వాత షాంఘై, బీజింగ్. ఈసారి జరిగింది నిజం. కానీ సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ మోగిన మా బంధువుల గ్రూపులో ఆ కాగితాల గురించి ఒక్కరు కూడా ఏమీ పెట్టలేదు.

నేను ఆ రాత్రి తమ్ముడికి కాల్ చేశాను. కాగితాల మాట ఎత్తలేదు, యూనివర్సిటీ పేరు ఎత్తలేదు. "తిన్నావా?" అని అడిగాను.

"తిన్నా అక్కా. రెండు రోజులుగా బయటికి వెళ్లట్లేదు, గదిలోనే ఉంటున్నా" అన్నాడు.

"సరే, పడుకో" అన్నాను. బాబాయ్‌కి ఫోన్ చేసి, పిల్లాడు బాగానే ఉన్నాడని చెప్పాను.