పాత సీరియళ్ల డీవీడీలను చిన్న ఫైళ్లుగా మార్చాలంటే ఏ కోడెక్ మంచిది?

కావలిలో మీ నాన్నగారు క్యాసెట్లలో రికార్డు చేసుకున్న దూరదర్శన్ సీరియళ్లు ఇప్పుడు డీవీడీల్లో ఉన్నాయనీ, వాటిని హెచ్‌265 కోడెక్‌లోకి (కోడెక్ అంటే వీడియోను కుదించే పద్ధతి) మార్చాలా, ఏవీ1లోకా అనీ, పనిలో పనిగా 4కే చేయవచ్చా అనీ అడిగారు. నెల్లూరులో మా మేనమామ గారి క్యాసెట్లకు ఈ పని నేనే చేశాను. కోడెక్ కన్నా ముందు తేల్చుకోవలసింది ఇంటర్లేసింగ్ సంగతి.

అప్పటి మన దూరదర్శన్ ప్రసార పద్ధతి పాల్ (PAL)లో తెర మీది 576 గీతలూ ఒకేసారి వచ్చేవి కావు. బేసి గీతలు ఒక విడత, సరి గీతలు ఒక విడత, అలా సెకనుకు 50 విడతలు. ఇదే ఇంటర్లేసింగ్. కంప్యూటర్ వాటిని జంటగా కలిపి చూపితే, మనిషి కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. ఆ చీలికలతోనే కుదిస్తే ఎంత కొత్త కోడెక్ అయినా వాటిని కాపాడడానికే బిట్లు ఖర్చు చేస్తుంది. అందుకే హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో ఫైళ్లను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) డీఇంటర్లేస్ దగ్గర, ఒక్కో విడతనూ ఒక్కో పూర్తి ఫ్రేముగా మార్చే ‘బాబ్’ ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50 పెట్టండి. చాలామంది 25తో సరిపెడతారు, సగం కదలిక అక్కడే పోతుంది. మామయ్య దగ్గరున్న ఒక కచేరీలో మృదంగం వాయించే వేళ్లు 25 దగ్గర అలుక్కుపోయాయి, 50 దగ్గర దెబ్బ దెబ్బా విడిగా కనిపించింది. ఫిల్ముపై తీసిన సీరియళ్లకు మాత్రం 25 చాలు.

4కే వద్దు. వీహెచ్‌ఎస్ టేపు అడ్డంగా పట్టగలిగేది సుమారు 240 గీతల వివరమే. పెద్దది చేస్తే ఫైలు పెరుగుతుంది, ఏఐతో చేస్తే నటుల ముఖాలే మారిపోతాయి. అది నాకు ససేమిరా ఇష్టం లేదు. 720x576 అలాగే ఉంచి, 4:3 నిష్పత్తి చెడకుండా చూసుకోండి. బొమ్మ అడుగున వణికే నాలుగు గీతలు కత్తిరించి, టేపు గరగర తగ్గడానికి డీనాయిజ్ తేలికగా పెడితే చాలు.

ఇక కోడెక్. హ్యాండ్‌బ్రేక్‌లో ఎక్స్265 (హెచ్‌265 ఫైళ్లు తయారుచేసే ఎన్‌కోడర్), 10 బిట్, నాణ్యత 20, ప్రీసెట్ ‘స్లో’ పెట్టండి. ఏవీ1 ఫైళ్లు ఇంకా చిన్నవి, కానీ అది 2018లో వచ్చింది కాబట్టి ఇంట్లో పాత టీవీ ఆడించకపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేస్తే పని త్వరగా అవుతుంది, అయితే అదే సైజులో బొమ్మ కాస్త తగ్గుతుంది. ధ్వనిని మార్చకుండా కాపీ చేయండి.

క్యాసెట్లు ఇంకా ఉంటే డీవీడీలను వదిలి వాటి నుంచే మళ్లీ తీయడం మేలు, ఎందుకంటే డీవీడీ అప్పటికే ఎంపెగ్2 అనే పాత కోడెక్‌లో కుదించినది. మన తీరం తేమకు టేపు చుట్ట మీద తెల్లటి బూజు పడుతుంది. అది కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శుభ్రం చేయడం తెలిసినవారికి ముందు చూపించండి. ఈలోగా డీవీడీలను ఉన్నవి ఉన్నట్టుగా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి, కొత్త ఫైళ్లు తయారయ్యాక కూడా ఆ కాపీలను చెరపవద్దు.