ఉడుత ఏ కొమ్మ మీద కూర్చుంది?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ అందింది. వేపచెట్టు మీద పోస్టాఫీసు పెట్టిన ఉడుత కథ. ఉత్తరాలు పంచే పని ఉడుతకు అప్పగించాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. కథతో పాటు రాసిన ఉత్తరంలో నువ్వడిగిన ప్రశ్న మాత్రం కథకంటే పెద్దది. ఇలాంటి ఊహలు రోజూ రావడం లేదు, స్ఫూర్తి ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి అన్నావు.

దీనికి జవాబు రచయితల జీవితాల్లోంచి కాకుండా ఒక చిత్రకారుడి పెన్సిల్ బొమ్మల్లోంచి చెబుతాను. రచయిత ఒక వాక్యం దగ్గరికి ఎలా చేరాడో అచ్చయిన పుస్తకంలో కనబడదు. కొట్టివేతలన్నీ చిత్తుకాగితాలతోనే పోతాయి. పెన్సిల్ చిత్తుబొమ్మలో మాత్రం చూపు ఎక్కడ ఆగింది, చెయ్యి ఎక్కడ వెతుక్కుంది, ఏ గీత మీద మళ్ళీ గీత పడింది, అన్నీ కాగితం మీదే ఉండిపోతాయి. రాసేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఆ చిత్రకారుడి పేరు ఎర్నెస్ట్ హోవార్డ్ షెపర్డ్. లండన్‌లో 1879లో పుట్టాడు, 1976 దాకా బతికాడు. 1926లో వచ్చిన 'విన్నీ ద పూ' అనే పిల్లల పుస్తకానికి బొమ్మలు వేసింది ఆయనే. పూ అనే ఆ ఎలుగుబంటి ఇప్పుడు పిల్లల సంచుల మీదా, పాలగ్లాసుల మీదా రంగుల్లో కనిపిస్తోంది చూడు, అది తర్వాత తరాల సినిమా బొమ్మ. నేను చెప్పేది దాని వెనకున్న సన్నని గీతల ఎలుగు గురించి. ఆ బొమ్మలకు ముందు వేసుకున్న పెన్సిల్ చిత్తులు 270కి పైగా షెపర్డ్ తన చివరి సంవత్సరాల్లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అప్పట్లో అచ్చుకు సిరాతో గీసిన గీతే కావాలి. పెన్సిల్ బొమ్మ దానికి ముందు మెట్టు, పాఠకుడు చూడనిది. ఆయన వాటిని పారేయకుండా దాచిపెట్టడం మన అదృష్టం. వీలు చూసుకుని వాటి ప్రతులు చూడు. తొందరపడకుండా, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి చూడు.

ముందు ఆ ఎలుగు సంగతి. పుస్తకం రాసిన ఎ. ఎ. మిల్న్ గారబ్బాయి క్రిస్టోఫర్ రాబిన్‌కు ఒక బొమ్మ ఎలుగు ఉండేది. 1921లో లండన్‌లోని హారడ్స్ దుకాణంలో కొన్నది. కథల్లో పూ అంటే అదే. షెపర్డ్ దాన్ని చూశాడు, కానీ గీయడానికి కూర్చున్నప్పుడు తన సొంత కొడుకు గ్రాహమ్ ఆడుకున్న ఎలుగును తీసుకున్నాడు. దాని పేరు గ్రౌలర్. మిల్న్ వాళ్ళింటి ఎలుగు కాస్త సన్నగా ఉంటుంది, గ్రౌలర్ బొద్దుగా ఉండేది. కథ ఇంకొకరింటిది, ఎలుగు మాత్రం తన ఇంటిది. తన కొడుకు చేతుల్లో ఎన్నో ఏళ్ళు చూసిన బొమ్మ కనుక అది కూర్చుంటే పొట్ట ఎక్కడ మడత పడుతుందో, చెయ్యి పట్టుకుని ఎత్తితే తల ఏ పక్కకు వాలుతుందో ఆయనకు తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకో. ఆయన ఎలుగుబంట్లన్నిటినీ ఊహించలేదు, ఒక్కదాన్ని ఎరిగి ఉన్నాడు.

మిగతా బొమ్మలు చూడు. క్రిస్టోఫర్ రాబిన్ ఆడుకున్న అసలు బొమ్మలు 1987 నుంచి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిల్లో ఒక గాడిద ఉంది. ఆడీ ఆడీ దాని మెడ వాలిపోయింది. ఆ వాలిన మెడలోంచే పుస్తకంలో ఎప్పుడూ దిగులుగా ఉండే ఈయోర్ అనే గాడిద పుట్టింది. ముందు 'ఒక నిరాశావాది పాత్ర కావాలి' అనుకుని ఎవరూ కూర్చోలేదు. పిల్లవాడి మంచం పక్కన మెడ వేలాడేసుకుని ఒక గాడిద ఉంది, దాన్ని చూసినవాడికి దాని స్వభావం తెలిసిపోయింది, అంతే. నువ్వు స్ఫూర్తి అని ఎక్కడో వెతుకుతున్నది చాలాసార్లు ఇంట్లో ఏదో ఒక మూల ఇలా మెడ వాల్చుకుని ఉంటుంది. అదే పుస్తకంలోని గుడ్లగూబ, కుందేలు మాత్రం ఆటబొమ్మలు కావు, మిల్న్ కల్పించినవి. షెపర్డ్ ఆ రెండింటినీ నిజం జంతువుల్లాగా, ఈకలతో, బొచ్చుతో గీశాడు. గుడ్డకుట్టు శరీరం వేరు, ప్రాణమున్న శరీరం వేరు. ఆ తేడా ఎవరూ పైకి చెప్పకపోయినా పిల్లలు పట్టేస్తారు.

తర్వాత అడవి. మిల్న్ 1925లో ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్‌లో, యాష్‌డౌన్ అడవి అంచున కాచ్‌ఫర్డ్ ఫార్మ్ అనే ఇల్లు కొన్నాడు. కథలన్నీ జరిగేది ఆ చుట్టుపక్కలే. షెపర్డ్ ఇంట్లో కూర్చుని 'ఒక చెట్టు' గీసి ఊరుకోలేదు. అక్కడికి వెళ్ళి, ఆ దారుల్లో నడిచి, గుట్ట మీది పైన్ చెట్ల గుంపునూ ముళ్ళపొదల్నీ వాగు మీది చెక్క వంతెననూ పెన్సిల్‌తో గీసుకొచ్చాడు. అందుకే ఆ పుస్తకం ప్రేమించినవాళ్ళు ఈనాటికీ ఆ అడవికి వెళ్ళి, బొమ్మల్లోని చోట్లను వెతికి పట్టుకోగలుగుతున్నారు. మాట్లాడే ఎలుగు ఉందంటే నమ్మించడం కష్టమేం కాదు. అది ఆనుకున్న చెట్టు బెరడు నిజమైతే చాలు, మిగతాది పాఠకుడు సంతోషంగా ఒప్పుకుంటాడు.

నీ కథలో నాకు లోటనిపించింది ఇక్కడే. 'అద్భుతమైన వేపచెట్టు' అన్నావు. 'ముచ్చటైన చిన్న పోస్టాఫీసు' అన్నావు. ఆ చెట్టు ఎక్కడుంది? బడి ఆవరణలోనా, బావి పక్కనా, కరెంటు తీగల కింద కొమ్మలు నరికేసిన రోడ్డు పక్కనా? ఉడుత ఉత్తరాన్ని ఎలా పట్టుకుంది? మన ఉడుత ఏదైనా తినేటప్పుడు వెనక్కాళ్ళ మీద కూర్చుని ముందుకాళ్ళు రెండిటితో పట్టుకుంటుంది. మాను మీంచి దిగేటప్పుడు తల కిందికి పెట్టి దిగుతుంది. మరి ఆ దిగేటప్పుడు ఉత్తరం ఎక్కడ పెట్టుకోవాలి? నోట కరిస్తే తడిసిపోదూ? ఈ చిక్కు నువ్వు చూసి ఉంటే దాన్లోంచే కథ నడిచేది. దాని గూడు కొబ్బరి పీచు, దూది, గుడ్డపీలికలతో అల్లిన ముద్దలా ఉంటుంది. పోస్టాఫీసంటే ఆ గూడే కదా. ఎవరి ఉత్తరం ఏ పీచులో ఇరుక్కుపోయిందో వెతుక్కునే ఉడుతను తలుచుకుంటేనే నాకు నవ్వొస్తోంది. 'ముచ్చటైన' అనే మాటతో ఆ నవ్వు రాలేదు.

ఇప్పుడు పూ ముఖం దగ్గరికి రా. కన్ను ఒక చుక్క. నోరు ఉందా లేదా అన్నట్టుంటుంది. అయినా వాడు ఆలోచిస్తున్నాడా, బెంగపడ్డాడా, తేనె మీద మనసు పోయిందా అన్నది మనకు తెలిసిపోతుంది. తల వంపులో తెలుస్తుంది, చేతులు వెనక్కి కట్టుకున్న తీరులో తెలుస్తుంది, పక్కనున్న తన నేస్తం పందిపిల్లకు ఎంత దగ్గరగా నిలబడ్డాడన్న దాన్లో తెలుస్తుంది. మొదటి కథ మొదలయ్యేచోట క్రిస్టోఫర్ రాబిన్ మెట్లు దిగుతూ ఎలుగును ఒక చేత్తో ఈడ్చుకొస్తుంటాడు, దాని తల మెట్టు మెట్టుకూ కొట్టుకుంటుంది. పిల్లలు తమకిష్టమైన బొమ్మను ఎంత ప్రేమగా, ఎంత నిర్దయగా పట్టుకుంటారో ఆ ఒక్క బొమ్మలో ఉంది. మన దగ్గరా ఈ విద్య తెలిసినవాళ్ళు ఉన్నారు. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుణ్ణి గుర్తుతెచ్చుకో. ఒక చేతిలో కత్తి, భుజాన శవం. ఆ శవం వేలాడే తీరు చూస్తే దాని బరువు మన భుజానికి తెలుస్తుంది. ఆ బరువు నమ్మాక, అందులోని బేతాళుడు కథ చెప్పాడంటే నమ్మమా! బుడుగు మాటలు ముళ్ళపూడి వారివి, బుడుగు నిలబడే తీరు బాపు గారిది. నీ కథలో ఉడుత 'ఎంతో బాధపడింది' అని రాశావు. దాని తోక అప్పుడు ఎలా ఉంది? అది రాయి. బాధ అన్న మాట తీసెయ్యి.

ఇంకొకటి చెప్పాలి. ఇంత తేలికైన గీత గీసిన మనిషి జీవితం తేలికగా గడవలేదు. పదేళ్ళ వయసులో తల్లి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో అధికారిగా పనిచేశాడు, మిలిటరీ క్రాస్ పతకం అందుకున్నాడు. 1916 జులై 1న, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైన రోజునే, అన్న సిరిల్ చనిపోయాడు. ఆ యుద్ధభూమిలోనూ షెపర్డ్ పెన్సిల్ వదల్లేదు. 1926లో పూ వచ్చింది. మరుసటి ఏడాదే భార్య ఫ్లారెన్స్ పోయింది. 1928లో రెండో పూ పుస్తకానికి అంత వెలుగున్న బొమ్మలు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, ఓడ మునిగి కొడుకు గ్రాహమ్ పోయాడు. గ్రౌలర్ ఎవరి ఎలుగో ఆ గ్రాహమే.

దీన్ని చదివి, కష్టాలు పడితేనే కళ వస్తుందనుకోకు. ఆ మాట చాలామంది చెబుతారు, నేను నమ్మను. యుద్ధానికి ముందే, 1907 నాటికే ఆయన బొమ్మలు 'పంచ్' అనే ఇంగ్లీషు హాస్యపత్రికలో అచ్చయ్యాయి. దుఃఖం ఆయనకు గీత నేర్పలేదు. గీసే అలవాటు ముందే ఉంది కనుక దుఃఖంలోనూ చెయ్యి ఆగలేదు. నీకు మంచి రోజుల్లోనే ఆ అలవాటు చేసుకోమని చెప్పడానికే ఇదంతా రాశాను.

పెన్సిల్‌తో అని ఎందుకంటున్నానో కూడా చెప్పనీ. పెన్సిల్ గీత 'ఇదేనేమో' అంటుంది, సిరా గీత 'ఇదే' అంటుంది. మొదటి రోజునే 'ఇదే' అనాలని కూర్చుంటే ఏదీ రాదు. షెపర్డ్ చిత్తుల్లో ఒకే చేతికి రెండు మూడు గీతలు పడి ఉంటాయి, వాటిల్లో ఏది సరైనదో తర్వాత సిరా వేళ తేలుతుంది. నువ్వు కథ మొదటి ప్రతి అలా రాయి. ఒకే సంగతికి రెండు వాక్యాలు తోస్తే రెండూ ఉంచు. రబ్బరు పక్కన పెట్టు. ఫోన్‌లో టైప్ చేస్తే తుడిచేసిన వాక్యం ఆనవాలు లేకుండా పోతుంది, అందుకే మొదటి ప్రతి కాగితం మీద అంటున్నాను.

స్ఫూర్తి కోసం ఫోన్‌లో ఇతరుల బొమ్మలు గంటల తరబడి చూస్తున్నానని రాశావు. చూడు, తప్పులేదు. కానీ పూర్తయిన బొమ్మ నీకు వాళ్ళ ముగింపును ఇస్తుందే తప్ప వాళ్ళ చూపును ఇవ్వదు. షెపర్డ్‌కు ఇంకో పని వచ్చినప్పుడు ఏం చేశాడో చెబుతాను. కెనెత్ గ్రేయమ్ రాసిన 'ద విండ్ ఇన్ ద విల్లోస్' 1908లోనే వచ్చింది. అందులో నది ఒడ్డున నీటి ఎలుక, చుంచు, కప్ప మనుషుల్లా బతుకుతుంటాయి. దానికి కొత్తగా బొమ్మలు వేయమని షెపర్డ్‌ను అడిగారు. ఆయన పాత బొమ్మలు ముందేసుకుని కూర్చోలేదు. థేమ్స్ నది ఒడ్డున పాంగ్‌బోర్న్‌లో ఉన్న వృద్ధ రచయితను కలవడానికి వెళ్ళాడు. తన చిన్న ప్రాణులంటే తనకు ప్రేమ అనీ, వాటిని దయగా చూడమనీ గ్రేయమ్ కోరాడు. నది ఎక్కడుందో, పచ్చికబయలు ఎక్కడుందో చెప్పాడు. వెంట నడిచే ఓపిక ఆయనకు లేదు. షెపర్డ్ ఒక్కడే పుస్తకం, పెన్సిల్ పట్టుకుని ఒడ్డు వెంట తిరిగాడు, ఎలుక పడవ ఎక్కడ కట్టేసి ఉంటుందా, చుంచు ఏ పచ్చిక దాటి వచ్చి ఉంటుందా అని వెతుకుతూ. ఆ బొమ్మలతో 1931లో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది గ్రేయమ్ కన్నుమూశాడు. ఆ కథలో కప్ప కారు నడుపుతుంది, చాకలామె వేషం వేసుకుని జైల్లోంచి తప్పించుకుంటుంది. కప్ప పరిమాణం ఎంత, కారు పరిమాణం ఎంత అని ఎవరూ అడగరు. ఒడ్డున వంగిన విల్లో చెట్టు, పడవ అంచు, నీటి మొక్కలు అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి మరి.

నీ కథకు రేపు ఎవరో ఒకరు బొమ్మలు వేస్తారు. ఆ మనిషికి చోటు వదిలిపెట్టు. ఉడుత చొక్కా రంగు, టోపీ ఆకారం నువ్వు చెప్పనక్కర్లేదు. దాని నడక, దాని తొందర, దాని అలవాట్లు చెప్పు చాలు. మిల్న్‌కు మొదట్లో షెపర్డ్ బొమ్మలంటే నమ్మకం లేదు. ఆ తర్వాత పూ పుస్తకం మీద తనకొచ్చే రాయల్టీలో ఆయనకు వాటా ఇచ్చాడు. ఒక ప్రతి మీద ఆయనకు ఒక చిన్న పద్యం కూడా రాసిచ్చాడు. తన సమాధి రాతి మీద షెపర్డ్ బొమ్మలు రెండు వేయాలనీ, అవి ఏ పేజీల్లోవో కూడా అందులో చెప్పాడు, 111, 157 అని. రచయిత చిత్రకారుడికి ఇంతకన్నా ఏమివ్వగలడు!

నీ కథ వెనక్కి పంపుతున్నాను. మార్జిన్లలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. విశేషణం ఉన్న ప్రతిచోటా ఒక చుక్క ఉంది. చుక్క ఉన్నచోట ఆ మాట తీసేసి, నువ్వు కళ్ళతో చూసినదాన్ని పెట్టు. చూసింది లేకపోతే ఆ వాక్యం అక్కడే ఆపి, బయటికెళ్ళి ఉడుత కనబడేదాకా కూర్చో. పొద్దుటిపూట బాగా తిరుగుతాయి. వాటిని పెన్సిల్‌తో గీసుకో. బొమ్మ వేయడం రాదని నాకు చెప్పకు, అందంగా రావాలని నేను అడగడం లేదు. తోక ఎటు తిరిగిందో తెలిస్తే చాలు. తిరగరాసిన కథతో పాటు ఆ కాగితాలు కూడా పంపు. ముందు అవి చూసి, తర్వాత కథ చదువుతాను.

ఆశీస్సులతో,
నీ మాష్టారు