పక్షవాతం తర్వాత చేతికి రోబో గ్లౌజు కొనాలా? బీపీకి కిడ్నీ నరాల చికిత్స చేయించాలా?

మీరు అడిగినవి రెండు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చిన నాన్నగారి కుడి చేతికి అంత డబ్బు పోసి రోబో గ్లౌజు, అంటే మోటారుతో వేళ్ళని ముడిచి తెరిచే తొడుగు, కొనాలా అన్నది ఒకటి. బిళ్ళలు వాడుతున్నా పై బీపీ 160 దగ్గరే ఉంటోంది కాబట్టి కిడ్నీ నరాలకు చేసే కొత్త చికిత్సకి తీసుకెళ్ళాలా అన్నది రెండోది. నన్నడిగితే రెండూ ఇప్పుడే వద్దండి. ముందు బీపీని బిళ్ళలతోనే దారికి తెచ్చుకోండి. చేతికి ఇంట్లోనే రోజూ పని చెప్పండి. నేను డాక్టర్ని కాను. రాజోలు దగ్గర మా ఊళ్ళో మా మావయ్యగారికి ఇలాగే కుడివైపు పడిపోతే దగ్గరుండి చూసుకున్నదాన్ని. అప్పుడు ఈ పరికరాల మీద, బీపీ మీద వచ్చిన పరిశోధనలు వెతుక్కుని చదివాను, అర్థం కానివి ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను.

బీపీ ముందు అని ఎందుకంటున్నానంటే, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ళకి అసలు ముప్పు రెండోసారి రావడమే. 2001లో ఫలితాలు వచ్చిన ప్రోగ్రెస్ అనే పరిశోధనలో, అప్పటికే పక్షవాతమో, వచ్చి తగ్గిపోయిన చిన్న స్ట్రోకో ఉన్న 6,105 మందిని నాలుగేళ్ళ దాకా గమనించారు. బీపీ మందు వాడినవాళ్ళలో 10 శాతం మందికి మళ్ళీ స్ట్రోక్ వచ్చింది, మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 14 శాతం మందికి. పెరిండోప్రిల్ అనే ఆ బీపీ మందుకి ఇండపమైడ్ అనే నీరు తీసే బిళ్ళ కూడా కలిపి వాడినవాళ్ళకి మేలు ఇంకా ఎక్కువ కనబడింది. చేతికి తొడిగే ఏ యంత్రం గురించీ ఇంత గట్టి రుజువు నాకు దొరకలేదు. ఇది ఎక్కడో దూరదేశం గొడవ కూడా కాదండి. 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల చనిపోయారో ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. అంటురోగాలు 12 శాతమే.

ఇక కిడ్నీ నరాల చికిత్స. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, కిడ్నీకి వెళ్ళే రక్తనాళం చుట్టూ ఉన్న నరాలను వేడితో మొద్దుబారుస్తారు. 2014లో 535 మంది మీద ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చూస్తే బీపీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత పరికరాలు మెరుగుపడ్డాయి, 2023లో అమెరికాలో అనుమతి కూడా ఇచ్చారు. అయినా తగ్గేది కొద్దిపాటే, బిళ్ళలు మామూలుగా కొనసాగించాల్సిందే. మందులతో ఎంతకీ లొంగని బీపీకి అది. మీ నాన్నగారిది నిజంగా లొంగని బీపీయో కాదో ముందు తేలాలి. మూడు రకాల మందులు, అందులో ఒకటి నీరు తీసే బిళ్ళ, సరైన మోతాదులో రోజూ వేసుకుంటున్నారా? అవన్నీ వాడినా దిగకపోతే స్పైరోనోలాక్టోన్ కలపడం బాగా పనిచేస్తుందని 2015లో పాత్‌వే-2 పరిశోధనలో తేలింది. చవకైన పాత బిళ్ళే. రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చూసి డాక్టరుగారే రాయాలి.

బీపీ చూసే పద్ధతి మీద కాస్త శ్రద్ధ పెట్టండి. మావయ్యగారు నులకమంచం అంచున కూర్చుని, కాళ్ళు వేలాడేసి, వచ్చినవాళ్ళతో కబుర్లాడుతూ చూపించుకునేవారు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టి, అయిదు నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాక చూస్తేనే అసలు అంకె తెలుస్తుంది. అంతకు ముందు అరగంట కాఫీ, చుట్ట వద్దు. పడిపోయిన చేతికి కాకుండా బాగున్న చేతికే పట్టీ కట్టండి. మణికట్టుకి కట్టే మిషను కొనకండి, జబ్బకి కట్టేదే తీసుకోండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి పుస్తకంలో రాసిపెట్టండి. పక్షవాతం వచ్చినవాళ్ళకి 130/80 లోపు ఉంచాలని డాక్టర్లు చూస్తారు.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. ఆవకాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు లేకుండా మన కంచం ఉండదు. చైనా పల్లెల్లో సుమారు 21,000 మందిని గమనిస్తూ, సగం పల్లెల్లో మామూలు ఉప్పు బదులు నాలుగోవంతు పొటాషియం ఉప్పు కలిపినది ఇస్తే, అక్కడ పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందులు వాడుతున్నా డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు వాడకండి. పచ్చడి తగ్గించడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.

చేతి విషయానికొస్తే, 2019లో బ్రిటన్‌లో 770 మంది మీద చేసిన రాటుల్స్ పరిశోధన చదివాక గ్లౌజు మీద నా మోజు తగ్గిపోయింది. పెద్ద రోబో యంత్రంతో వారానికి మూడుసార్లు, పన్నెండు వారాలు చేయించినా, మామూలు వైద్యం అందుకున్నవాళ్ళ కంటే చేతి పనితనం మెరుగవలేదు. 2006లో 222 మంది మీద జరిగిన ఎక్సైట్ పరిశోధన కథ వేరు. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళకి, బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే రెండు వారాలు గట్టిగా సాధన చేయిస్తే స్పష్టంగా మెరుగయ్యారు. మణికట్టు, వేళ్ళు కాస్తయినా పైకి లేపగలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. నాన్నగారి వేళ్ళు కొద్దిగా తెరుచుకుంటున్నాయని రాశారు కాబట్టి ఫిజియోథెరపిస్టుని తప్పక అడగండి. నడిచేటప్పుడు మాత్రం తొడుగు తీసెయ్యాలి, తూలితే పట్టుకోవడానికి ఆ చెయ్యి కావాలి.

మా ఇంట్లో అటక మీంచి వామనగుంటల పీట దింపాం. మొదట్లో ఒక చింతగింజ తియ్యడానికే మావయ్యగారి నుదుటికి చెమట పట్టేది. బొటనవేలు, చూపుడువేలు కలిసేవి కావు, గింజని గుంట గోడకి నొక్కి పైకి జరిపేవారు. మనవరాలు ఎదురుగా కూర్చుంటే లేచేవారే కాదు. తర్వాత తువ్వాలు మడతపెట్టడం, గ్లాసు అందుకోవడం. గ్లౌజు దానంతట అది వేళ్ళు ముడిచి తెరుస్తుంటే మనిషి టీవీ చూస్తూ కూర్చుంటే మెదడు నేర్చుకునేది తక్కువండి. ఆయన ప్రయత్నం చేస్తుంటే సాయపడే రకమైతే, అద్దెకి తెచ్చి కొన్నాళ్ళు చూడండి. తలపైన కప్పీకి తాడు కట్టి చెయ్యి లాగించడం మాత్రం వద్దు, పట్టు లేని భుజం దెబ్బతింటుంది. లేపేటప్పుడు కూడా ఆ చెయ్యి పట్టుకుని లాగకండి.

మీది లంక గ్రామం అన్నారు. మూతి వంకరపోవడం, మాట తడబడటం మళ్ళీ కనబడితే మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షను మొదలుపెట్టడానికి ఉండేది నాలుగున్నర గంటలే, అదీ సీటీ స్కాన్ తీశాకే. రాత్రిపూట రేవు ఎలా దాటాలో, పడవ ఎవరిదో, రాత్రి కూడా సీటీ తీసే ఆసుపత్రి ఎక్కడుందో ఈ వారంలోనే కనుక్కుని, 108తో పాటు ఆ నంబర్లన్నీ గోడ మీద రాసిపెట్టండి.