వెలిగే అణువులు మా బాబుకు మందవుతాయా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడే జన్యు జబ్బు) అని తేలింది. చెమట పరీక్షలో క్లోరైడ్ (ఉప్పులో ఉండే పదార్థం) లీటరుకు 92 మిల్లీమోల్స్ వచ్చింది. కణాల పొర గుండా క్లోరైడ్‌ను మోసుకెళ్లే, వెలుగునిచ్చే కృత్రిమ అణువులను తయారుచేశారని ఈమధ్య చదివాం. అవి మందుగా దొరుకుతాయా? వెలిగే పదార్థం ఒంట్లోకి వెళ్తే ప్రమాదం కాదా? ఛాతీ ఫిజియోథెరపీ చేయబోతే రోజూ ఏడుస్తున్నాడు, కొన్నాళ్లు మానేయొచ్చా?
- ఒక తల్లి

సమాధానం: ఫిజియోథెరపీ మాత్రం మానొద్దమ్మా. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం నిలిచిపోతే ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. పోయిన ఊపిరితిత్తుల శక్తిని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. ఏడ్చే పిల్లలకు సబ్బునీళ్లున్న సీసాలో గొట్టం పెట్టి బుడగలు ఊదించే పద్ధతి ఉంది. అది ఆటలా ఉంటుంది, కఫమూ కదులుతుంది. ఎలా చేయించాలో మీ ఫిజియోథెరపిస్టు దగ్గరే నేర్చుకోండి. తిన్న వెంటనే కాకుండా, తినకముందు చేయించండి.

ఇక అణువుల సంగతి. అవి ఇంకా ప్రయోగశాల దాటలేదు. మందుగా ఎక్కడా దొరకవు. ఎవరైనా అమ్ముతామంటే నమ్మకండి.

మన కణాల చుట్టూ ఉన్నది కొవ్వు పొర. విద్యుదావేశం ఉన్న క్లోరైడ్ దాన్ని తనంతట తాను దాటలేదు. సీఎఫ్‌టీఆర్ అనే ప్రోటీన్ దానికి దారి ఇస్తుంది. మీ బాబులో ఆ ప్రోటీన్ జన్యువు దెబ్బతింది. చెమటలోని క్లోరైడ్ తిరిగి ఒంట్లోకి చేరలేకపోవడం వల్లే పరీక్షలో 92 వచ్చింది. 60 దాటితే జబ్బు ఉన్నట్టే లెక్క. కృత్రిమ అణువులు ఆ ప్రోటీన్‌ను బాగుచేయవు. పడవ మనిషిని ఏరు దాటించినట్టు, క్లోరైడ్‌ను పట్టుకుని కొవ్వు పొర దాటించి అవతల వదులుతాయి. థయోయూరియా, స్క్వారమైడ్ రకాలవి వాటిలోని హైడ్రోజన్ బంధాలతో క్లోరైడ్‌ను పట్టుకుంటాయి. అసలు ప్రోటీనే తయారుకాని పిల్లలకూ ఈ దారి పనికిరావచ్చు. నాకు వీటిపై ఆశ ఉన్నది అందుకే.

వెలుగుకూ వైద్యానికీ సంబంధం లేదు. అణువు కణంలో ఎక్కడికి చేరిందో చూడ్డానికే ఆ ఏర్పాటు. సూక్ష్మదర్శిని కింద తగిన రంగు కాంతి పడితేనే అది మెరుస్తుంది, తనంతట తాను వెలగదు. అలా చూసినప్పుడు కొన్ని అణువులు బయటి పొర దగ్గర ఆగకుండా, లోపల చుక్కలు చుక్కలుగా లైసోజోముల్లో పోగవడం కనిపిస్తుంది. లైసోజోములంటే కణం తన చెత్తను అరిగించుకునే సంచులు, వాటి లోపల ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లత తప్పితే కణమే చచ్చిపోవచ్చు. క్యాన్సర్ కణాలను చంపాలనుకునే పరిశోధకులకు కావలసింది అదే. మీ బాబు ఊపిరితిత్తుల్లో జరగకూడనిది కూడా అదే. కాబట్టి మీ భయానికి అసలు కారణం కావలసింది వెలుగు కాదు, క్లోరైడ్ లాంటి అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) తప్పుడు చోట దాటించడం. ఈ తేడా తేలకుండా పిల్లల మీద ప్రయోగించడానికి ఏ వైద్యుడూ ఒప్పుకోకూడదు.

ఇప్పుడు చేయాల్సింది వేరే ఉంది. సీఎఫ్‌టీఆర్ జన్యువును 1989లో గుర్తించారు. అందులో 2 వేలకు పైగా మార్పులు బయటపడ్డాయి. మీ బాబులో ఏవి ఉన్నాయో జన్యు పరీక్ష చెబుతుంది. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు కాపీలు ఉంటుంది. ఎఫ్508డెల్ అనే మార్పు ఒక్క కాపీలో ఉన్నా ఎలెక్సాకాఫ్టర్, టెజాకాఫ్టర్, ఐవాకాఫ్టర్ కలిపిన మందు పనిచేసే అవకాశం ఉంది. అది నేరుగా ఆ ప్రోటీన్ మీదే పనిచేస్తుంది. ఆరేళ్ల పిల్లలకూ ఇస్తారు, కాకపోతే వాడేటప్పుడు లివర్ పరీక్షలు తప్పనిసరి. జన్యు రిపోర్టు ఇప్పటికే ఉంటే అందులో రెండు కాపీల వివరాలూ ఉన్నాయో లేదో చూసి, ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి. లేకపోతే ఆ పరీక్ష వెంటనే చేయించండి. తిండి అరగడానికి ఇచ్చే పాంక్రియాస్ ఎంజైములు, విటమిన్లు, వేడి రోజుల్లో అదనపు ఉప్పు డాక్టర్ చెప్పిన మోతాదులోనే కొనసాగించండి. దగ్గు పెరిగినా, కఫం రంగు మారినా, బరువు తగ్గినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి.